కాంటా సారు తెర ఆర్పలేదు

కాంటా సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను పటాన్‌చెరులోని నా దుకాణంలో ఒక కంప్యూటర్ విప్పుకొని దుమ్ము దులుపుతున్నాను. చేసింది ఫ్యాక్టరీ గేటు దగ్గరి వాచ్‌మన్. "అన్నా, మన కాంటా సారు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి పేపర్ సదువుకుంట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండంట. పోతిరెడ్డిపల్లిల ఇంటి కాడ్నే ఉంచిండ్రు. మూడు గంటలకు తీస్తరంట" అన్నాడు. అయ్యో అన్నాను. ఎవరెవరు వచ్చారు అన్నాను. అందరూ అడిగే నాలుగు మాటలే అడిగి ఫోన్ పెట్టేశాను. అప్పుడు నా మనసులో మొదట కలిగింది దుఃఖం కాదు. హమ్మయ్య అనిపించింది. ఇక ఆ మనిషి కంట పడే భయం లేదు అనిపించింది. ఛీ, ఇదేం బతుకురా నీది అని నన్ను నేనే తిట్టుకొని, చేతిలో బ్రష్షు పక్కన పెట్టేశాను.

మంచి మనిషి పోతే హమ్మయ్య అనుకున్నవాడు ఆయన గురించి నాలుగు ముక్కలు రాయడానికి తగునా అని మీరు అడగవచ్చు. తగను. అయినా రాయక తప్పదు, ఎందుకంటే ఈ సంగతి మొదటినుంచీ తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

పారిశ్రామికవాడలో మందులకు ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ అది. గేటు దాటగానే ఎడమ పక్కన లారీలను తూచే పెద్ద ఇనుప పలక, దాన్ని ఆనుకొని ఒక కిటికీ ఉన్న రేకుల గది. తూకాన్ని మా వైపు కాంటా అంటాం. ఆ గదిలో ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్నారు కాబట్టి ఆయన అందరికీ కాంటా సారే. జీతాల రోజు సంతకానికి తప్ప ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. నేనైతే చాలాకాలం ఆ పేరు కనుక్కోలేదు కూడా.

పొద్దున డ్యూటీకి రాగానే ఆయన చేసే మొదటి పని చీపురు పట్టుకోవడం. ఇనుప పలక చుట్టూ సందుల్లో ఇరుక్కున్న కంకర రాళ్లు ఏరి, మట్టి ఊడ్చేవారు. ఊడ్చేవాళ్లు వేరే ఉన్నారు కదా సార్, మీకెందుకు అని ఒకసారి అడిగాను. "వాళ్లు ఊడిస్తె నేల సాఫ్ అయితది. నేను ఊడిస్తె తూకం సాఫ్ అయితది. గింత రాయి ఇరికితె చాలు, కాంటా అబద్ధాలు మొదలువెడ్తది" అన్నారు.

లారీ పలక మీదికి ఎక్కాక డ్రైవర్ బద్ధకించి సీట్లోనే కూర్చుంటే కిటికీలోంచి కేకేసేవారు. "దిగు నాయనా దిగు! నిన్ను గూడ ఊకల కలిపి కొనుమంటవా కంపెనీని?" బాయిలర్‌లో మండించడానికి ఆ ఫ్యాక్టరీకి రోజూ లారీల కొద్దీ వడ్ల ఊక వచ్చేది. డ్రైవర్లు నవ్వుకుంటూ దిగి కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లు. అప్పుడు ఆయన లారీ నంబరు, బరువు రిజిస్టరులో రాసి, ఆ పెద్ద పుస్తకాన్ని డ్రైవర్ వైపు తిప్పి, అంకెల కింద వేలు పెట్టి, "సూసినవా?" అనేవారు. చదువు రానివాళ్లకు ఒక్కొక్క అంకె చదివి వినిపించేవారు. బిహారు నుంచి వచ్చినవాళ్లకు తనకొచ్చిన హిందీలో చెప్పేవారు. అవతలివాడు చూసి "ఆ" అన్నాకే కింద సంతకం పెట్టేవారు. వెనక పది లారీలు హారన్లు కొడుతున్నా సరే, ఆ "ఆ" వినిపించనిదే ఆయన కలం కదిలేది కాదు.

"తూకం ఒకటి, రాత ఒకటి కావొద్దు. అయ్యిందంటె చెడింది కాంటా కాదు, మనిషి" అనేవారు. ఈ మాట ఆయన నోట నేను కనీసం ఇరవైసార్లు విని ఉంటాను. విన్నాను, అంతే. చెవిలో పడింది గానీ ఒంటికి పట్టలేదు.

అప్పటికి నేను దుకాణం పెట్టి ఏడాదైంది. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చదువు నాది. మాటలు మాత్రం ఇంజినీర్లకు పాఠాలు చెప్పినవాడిలా ఉండేవి. ఆ ఫ్యాక్టరీ ఆఫీసు కంప్యూటర్లన్నీ నేనే చూసేవాణ్ణి. నిజం చెప్పాలంటే నా దుకాణం నడిచిందే ఆ ఒక్క గిరాకీ మీద. అది చేజారితే మరుసటి నెల షట్టర్ దించుకోవాల్సిందే.

కాంటా గదికి కూడా కంప్యూటర్ పెట్టాలని మేనేజర్ అన్నప్పుడు అక్కడికి ఏ మిషన్ సరిపోతుందో చూసింది నేనే. గదిలో ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడేందుకే చోటుండదు. అందుకని పెద్ద డబ్బా కాకుండా సన్నది తెచ్చాను. హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు మూసేస్తూ అమ్మేసిన చిన్న కంప్యూటర్లు అవి, పడుకోబెట్టిన బీరువా సొరుగంత ఉంటాయి. స్క్రూలు కూడా అక్కర్లేదు, పక్కన మీట నొక్కితే మూత పైకి లేస్తుంది. చూశారా నా తెలివి అన్నట్టు అందరి ముందూ రెండుసార్లు మూత తీసి పెట్టాను.

కాంటా సారు అంతా ఓపికగా చూసి ఒక్క ప్రశ్న వేశారు. "మంచిగనే ఉన్నది ఇంజినీర్ సాబ్. మరి డ్రైవర్ ఎట్ల సూస్తడు?"

నన్ను ఇంజినీర్ సాబ్ అని పిలిచినవాడు లోకంలో ఆయన ఒక్కడే. అందులో వెక్కిరింత కొంచెం, ముద్దు కొంచెం. డ్రైవర్‌కు చీటీ ప్రింట్ అయి వస్తుంది కదా సార్, చూడాల్సిన అవసరమేముంది అన్నాను.

"చీటీ రాసినంక వస్తది. రాసేటప్పుడు సూడాలె గద."

బయట ఎర్ర అంకెలు వెలిగే డబ్బా ఒకటి పెట్టిద్దామన్నాను. "గది తూకం సూపిస్తది. నేను రాసేది సూపియ్యది గద" అన్నారు. పోనీ ఉన్న తెరనే తీగతో రెండుగా చీల్చి బయట కూడా చూపిద్దామంటే మేనేజర్ ఒప్పుకోలేదు. లోపలి తెర మీద మిగతా వ్యాపారుల పేర్లూ రేట్లూ ఉంటాయి, అవన్నీ డ్రైవర్లకెందుకని ఆయన వాదన. అంటే లోపల ఒక తెర, కిటికీ వైపు తిప్పి ఇంకో తెర కావాలి, బయటి దాని మీద లారీ నంబరూ బరువూ మాత్రమే పెద్ద అక్షరాల్లో కనిపించాలి. దానికి ఆ కంప్యూటర్‌లో ఒక వీడియో కార్డు అదనంగా పెట్టాలి. "గంతేనా? చిటికెల పని సార్" అన్నాను. నా నోరు పడిపోను.

దుకాణానికి వచ్చి ఉన్న కార్డు తీసుకొని పెట్టబోతే పట్టలేదు. మామూలు కార్డు నిలువుగా జానెడు ఎత్తు, ఈ సన్న డబ్బా లోపల ఉన్న చోటు అందులో సగం. మూత పడితే ఒట్టు. సికింద్రాబాద్ కంప్యూటర్ బజారుకు మూడుసార్లు పోయాను. పొట్టి కార్డు అంటే చాలామందికి అర్థమే కాలేదు. "పూరా సైజ్ లేజావ్ భాయ్, ఛోటా నహీ ఆతా" అన్నారు, చిన్నది రానే రాదట. మూడోసారి మాత్రం ఒక ముసలి సేటు నా చేతిలో కార్డు తీసుకొని తిప్పి చూపించాడు. ఈ కార్డు పొట్టిదే, చివర బిగించిన ఇనుప పట్టీ ఒక్కటే పొడుగు. దీని డబ్బాలో పొట్టి పట్టీ కూడా వేసి పంపుతారు. పొడుగుది విప్పి పొట్టిది బిగిస్తే నీ సన్న డబ్బాలో కూర్చుంటుంది. ఏది ఆ పొట్టి పట్టీ అని అడిగితే సేటు నవ్వాడు. "వో కోయీ నహీ మాంగ్తా. కచ్‌రే మే డాల్ దియా." ఎవరూ అడగరని చెత్తలో వేసేశాడట.

అలాంటి పట్టీలు నా దుకాణంలోనే ఒక డబ్బా నిండా ఉండేవి. ఎందుకు పనికొస్తాయో తెలియని ఇనుప ముక్కలని పోయిన నెలే తుక్కువాడికి వేసేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది అనుకున్నాను. ఆ మాట కాంటా సారుతో చెబితే ఆయన పగలబడి నవ్వి, పోనీలే, వెతుకు, ఆగుదాం అనేవారు. అంతకు మించి ఏమీ జరిగేది కాదు.

చెప్పలేదు. ఇంజినీర్ సాబ్ కదా. పొడుగు పట్టీ విప్పేసి కార్డును అలాగే గుచ్చాను. పట్టీ లేకపోతే దాన్ని పట్టి ఉంచే స్క్రూ లేదు, తెర తీగ బరువుకు ఒరిగిపోతుంది. నా బల్ల కింద తెగిన హవాయి చెప్పు ఒకటి పడి ఉంది. దాని మడమ దగ్గర నీలం రబ్బరు ముక్క కోసి కార్డు పక్కన ఇరికించాను. దాని మీద చెప్పు సైజు ఎనిమిది అంకె అచ్చొత్తి ఉండటం నాకు బాగా గుర్తు. మా పనిలో ఇలాంటి అతుకులు అందరూ వేసేవాళ్లే. నేనూ పట్టీ దొరికినప్పుడు మారుద్దాంలే అనుకున్నాను. మేనేజర్ అడిగితే మాత్రం, సన్న డబ్బాల కోసమే చేసిన అసలు కార్డు సార్ అన్నాను.

తెర వెలిగింది. కాంటా సారు గదిలోంచి లేచి, బయటికి పోయి, డ్రైవర్ నిలబడే చోట తాను నిలబడి, మెడ ఎత్తి చూశారు. లోపలికి వచ్చి నన్ను కీబోర్డు మీద మీట నొక్కమని, మళ్లీ బయటికి పోయి చూశారు. తర్వాత చాయ్ తెప్పించి, సాసర్‌లో పోసుకొని సగం తను తాగి, గ్లాసులో సగం నాకిచ్చారు. "కాంటాకు రెండో కన్ను వెట్టినవు ఇంజినీర్ సాబ్" అన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. చాయ్ తాగి వచ్చేశాను.

ఎండాకాలం వచ్చింది. రేకుల గది నిప్పుల కుంపటయింది. లారీ ఎక్కినప్పుడూ దిగినప్పుడూ గది గోడలు అదిరేవి. ఆ వేడికి రబ్బరు మెత్తబడుతుందని, ఆ అదురుకు కార్డు కదులుతుందని నాకు తెలియదా? తెలుసు. ఒక వారంలో కాంటా సారు రెండుసార్లు ఫోన్ చేశారు. "తెర ఆగి ఆగి వస్తున్నది, జెర వచ్చి సూడు" అన్నారు. రెండుసార్లూ రేపొస్తా సార్ అన్నాను.

మూడో ఫోన్ మేనేజర్ నుంచి వచ్చింది, వెంటనే రమ్మని. వెళ్లేసరికి లారీలు గేటు దాటి రోడ్డు దాకా వరస కట్టి ఉన్నాయి. డ్రైవర్లంతా కాంటా గది ముందు గుమిగూడారు. జహీరాబాద్ వైపు నుంచి ఊక తెచ్చిన డ్రైవర్ ఒకడు గొంతు చించుకుంటున్నాడు. "నా లారీ ఎక్కంగనే తెర ఎట్ల ఆరిపోతది? మిల్లు కాడి చీటీకి ఈడి తూకానికి ఏడు సంచులంత ఫరక్ ఉన్నది! మా సేటు నన్ను దొంగ అంటడు. తెర ఆర్పి తూకం గొడ్తున్నరు!" మొన్న నాకూ అట్లనే ఆరింది, నిన్న నాకూ ఆరింది అని ఇంకో ముగ్గురు అందుకున్నారు.

కాంటా సారు చెవి వెనక పెన్సిలుతో, తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "నేను నోటితోని సదివి చెప్పిన గద నాయనా. ఎండకు ఊక ఆరింది, బరువు తగ్గింది" అంటున్నారు. ఆ గోలలో ఆయన మాట ఎవరికీ అక్కర్లేదు. ఇరవై ఏళ్లు చూపించి రాసిన మనిషి, ఒక్క వారం చూపించలేకపోయేసరికి దొంగయ్యాడు.

నేను మూత తీశాను. కార్డు ఒక పక్కకు ఒరిగి ఉంది. రబ్బరు ముక్క లేదు. డబ్బా అడుగున చూశాను, పక్కన చూశాను, ఎక్కడా లేదు. ఎలుక ఎత్తుకుపోయిందో ఏమో, పీడా పోయింది అనుకున్నాను. బొటనవేలితో కార్డును గట్టిగా నొక్కాను. బయట "వచ్చింది, వచ్చింది!" అని కేకలు.

మేనేజర్ అందరి ముందూ నన్ను అడిగాడు. "సూటిగా చెప్పు. మిషన్ తప్పా, మనిషి తప్పా?"

ఆ క్షణంలో నాకు కనిపించింది నా దుకాణం షట్టర్ ఒక్కటే. బొటనవేలు కార్డు మీంచి తీశాను. తర్వాత, "మిషన్ల ఏం తప్పు లేదు సార్. ఎవరన్న వైరు గుంజి ఉంటరు" అన్నాను.

ఎవరన్న అట! ఒక్క మనిషి మాత్రమే కూర్చునే గదిలో!

కాంటా సారు నా వైపు చూశారు. ఆయన చెయ్యి అంగీ జేబు మీదికి పోయి అక్కడే ఆగింది. చేతి రుమాలు వెతుక్కుంటున్నారేమో అనుకున్నాను. రెండుసార్లు ఫోన్ చేసిన సంగతి ఇప్పుడు బయటపెడతారని భయపడ్డాను. ఆయన బయటపెట్టలేదు. జేబు మీద చెయ్యి అలాగే ఉంచి, "గదిల ఉండేది నేనొక్కన్నే సార్. ఇంజినీర్ సాబ్ చెప్పినంక ఇగ నేను చెప్పేదేమున్నది" అన్నారు. దొంగకు తేలు కుట్టినట్టు నేను మూత మూసి, సంచి సర్దుకొని, తల దించుకొని గేటు దాటాను.

మరునాడే ఆయన్ను కాంటా గదిలోంచి తీసి వెనకవైపు తుక్కు యార్డులో వేశారు. రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లుంది. గేటు ఎదుటి చాయ్ హోటల్లో, కాంటా సారు కూడా తిన్నాడటరా అని ఎవడో అంటే, ఎవణ్ణీ నమ్మలేం అని ఇంకొకడు అన్నాడు. నేను ఆ పక్క బల్ల మీదే కూర్చొని ఉన్నాను. నా చాయ్ నేను తాగాను.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం ఆయన సైకిల్ నా దుకాణం ముందు ఆగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఏమీ అనకముందే నేను లేచి నిలబడి ఏదేదో మాట్లాడాను. కూర్చోండి సార్ అన్నాను, చాయ్ చెప్పనా సార్ అన్నాను. ఆయన కూర్చోలేదు. పాత తూకం చీటీలో చుట్టిన ఒక వస్తువు బల్ల మీద పెట్టారు. విప్పి చూస్తే పొట్టి ఇనుప పట్టీ. తుక్కులోంచి రేకు ఏరి, కొలత గీసి, టూల్ రూం ఫిట్టర్‌తో కోయించి, ఆకురాయి పట్టించి, స్క్రూ రంధ్రం కూడా వేయించారు.

"గా కార్డుకు ఇది బిగించు. లారీ ఎక్కినప్పుడల్ల ఊగుతున్నది. మల్ల తెర ఆగిందంటె, ఇప్పుడు కూసున్నోనికి బద్‌నాం వస్తది" అన్నారు.

నేను ఆ పట్టీని తిప్పి చూశాను. డబ్బా మూత తీసి చూడందే ఈ కొలత ఎవరికీ తెలియదు. చూశారన్నమాట. ఎప్పుడు చూశారో, ఏం చూశారో అడిగే ధైర్యం లేక, ఆ పంచాయితీ అయ్యాక ఎప్పుడో చూసి ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన సైకిల్ ఎక్కుతూ, "పని మంచిగ చెయ్యి బిడ్డా" అన్నారు. ఇంజినీర్ సాబ్ అనలేదు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ అనలేదు.

మరునాడు పట్టీ బిగించాను. అంగుళంలో వెంట్రుకంత తేడా లేకుండా కూర్చుంది. ఆ తెర మళ్లీ ఆరలేదు. శభాష్ అని మేనేజర్ నా భుజం తట్టి, రెండో యూనిట్ పని కూడా నాకే ఇచ్చాడు. నా దుకాణం ఇవ్వాళ ఇద్దరు పనివాళ్లతో నడుస్తోందంటే అది ఆ పట్టీ పుణ్యం. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచి ఆయన్ను తప్పించుకు తిరిగాను. ఫ్యాక్టరీకి పోతే తుక్కు యార్డు వైపు పోయేవాణ్ణి కాదు. రిటైరైన రోజున శాలువా కప్పారట, ఆ రోజు నాకు కావాలనే వేరే పని పడింది. నా ఇల్లు సంగారెడ్డిలో. రోజూ పొద్దునా సాయంత్రం బస్సులో ఆయన ఊరి మీదుగానే పోవాలి, రావాలి. ఒకరోజు సాయంత్రం రుద్రారంలో కాలేజీ పిల్లలు ఎక్కి బస్సు కిక్కిరిసింది. వాళ్ల మధ్య, చేతిలో మందుల సంచితో నిలబడి, సీటు కడ్డీ పట్టుకొని కాంటా సారు కనిపించారు. లేచి సీటివ్వాల్సినవాణ్ణి, కళ్లు మూసుకొని నిద్ర నటించాను. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఆయన దిగుతూ కండక్టర్‌తో అన్న మాట నా చెవిన పడింది. "గా కిటికీ కాడి పిలగాడు బస్టాండుల దిగుతడు. అలిసి నిద్రవోయిండు, జెర యాది పెట్టుకొని లేపు."

కళ్లు తెరవలేకపోయాను. బస్టాండులో కండక్టర్ భుజం తట్టి లేపినప్పుడు నిజంగా నిద్రలోంచి లేచినట్టు కళ్లు నులుముకున్నాను కూడా. నా ముఖం మండ, ఆ చివరి నటన ఎవరి కోసమో!

ఆయన పోయిన రోజున రెండింటికే దుకాణం మూసి బస్సెక్కాను. చౌరస్తాలో బస్సు ఆగింది. నలుగురు దిగారు. నాకు ముఖం చెల్లలేదు. ఇంటికి పోయి పడుకున్నాను.

పదకొండో రోజున మాత్రం వెళ్లాను. రెండు గదుల ఇల్లు, ముందు చిన్న టెంటు. నేను ఫలానా ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి అని చెప్పగానే సారు కూతురు ఎదురొచ్చింది. "ఇంజినీర్ సాబ్ అంటె నువ్వేనా అన్న? నాయన మస్తు చెప్తుండె. కాంటాకు రెండో కన్ను వెట్టిండు అని." ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది.

లోపల ఒక పాత చెక్క టేబుల్ మీద ఆయన పటం, దండ, ముందు దీపం. దండం పెట్టి వంగినప్పుడు టేబుల్ కాలి కింద ఏదో నీలంగా కనిపించింది. నలిగి, అంచులు నల్లబడిన రబ్బరు ముక్క. ఇంకాస్త వంగి చూశాను. దాని మీద ఎనిమిది అంకె.

నా చెయ్యి దానంతట అదే దాని మీదికి పోయింది. "తియ్యకు అన్న, నాయన పటం పడ్తది. గా కాలు పొట్టిది" అంది ఆ అమ్మాయి.

"ఇదెక్కడిదమ్మా?"

"నాయన ఫ్యాక్టరీ నుంచి తెచ్చిండు. కాంటా కాడ పంచాయితీ అయిన నాడు. బట్టలు పిండుతుంటె అంగీ జేబుల దొరికింది. పారేస్తనంటె గుంజుకున్నడు. 'ఒకని బువ్వ అది, పారెయ్యొద్దు' అన్నడు. ఎవరిది నాయనా అంటె చెప్పలే. అప్పటిసంది గా కాలు కిందనే ఉన్నది."

అప్పుడు అర్థమైంది నాకు. తెర ఆరగానే నాకంటే ముందే ఆయన మూత తీసి చూశారు. నేను అందరి ముందూ అబద్ధం ఆడుతున్నప్పుడు ఆ ముక్క ఆయన జేబులో ఉంది, దాని మీద ఆయన చెయ్యి ఉంది. తీసి చూపిస్తే చాలు, ఇరవై ఏళ్ల పేరు ఆయనకు మిగిలేది. నా దుకాణం పోయేది. ఎప్పుడూ చూపించి రాసిన మనిషి, ఆ ఒక్కటి మాత్రం ఎవరికీ చూపించలేదు.

"అది నాదేనమ్మా" అన్నాను. మొదటినుంచీ చెప్పాను. తుక్కుకు వేసిన పట్టీలు, చెప్పు ముక్క, రెండు ఫోన్లు, నా అబద్ధం, అన్నీ. ఆమె గోడకు ఆనుకొని వింది. అరుస్తుందనుకున్నాను, అరిచి ఉంటే బాగుండేది. "రెండేండ్లు చాయ్ హోటల్ మెట్టెక్కలే అన్న మా నాయన. ఎందుకు పోతలేడో మాకు తెల్వలే" అంది. తర్వాత కళ్లు తుడుచుకొని, "నాకు చెప్తె ఏమొస్తది? గా గేటు కాడ చెప్పు" అంది.

మరునాడు వెళ్లి చెప్పాను. వాచ్‌మన్‌కు చెప్పాను, చాయ్ హోటల్లో నిలబడి అందరూ వినేలా చెప్పాను. పాత మేనేజర్ వెళ్లిపోయాడు. కొత్తాయన విసుగ్గా, "కాంటా సారంటే ఎవరండీ?" అన్నాడు. హోటల్లో ఉన్న డ్రైవర్లలో సగం మంది కొత్తవాళ్లే. నింద వేసిన రోజు అంతమంది విన్నారు, దాన్ని తీసేసిన రోజు వినడానికి మనుషుల్లేరు. అందుకే ఇక్కడ, ముద్రణలో చెబుతున్నాను. మీలో ఆ రోజు ఆ వరసలో నిలబడ్డ డ్రైవర్ ఎవరైనా ఉంటే, ఆ చాయ్ హోటల్లో ఆ మాట విన్నవాళ్లు ఉంటే, దయచేసి వినండి. కాంటా సారు తెర ఆర్పలేదు. నేను పెట్టిన రబ్బరు ముక్క జారింది. తప్పు మిషన్‌దీ కాదు, ఆయనదీ కాదు. నాది.

ఆ పదకొండో రోజున అంతా చెప్పేశాక నేను లేచి వచ్చేయబోయాను. సారు కూతురు అడ్డం వచ్చింది. "ఏడికి పోతవ్? కూసో. బువ్వ తినిపో" అంది. కోపంగానే అంది. విస్తరి వేసి, పటానికి ఎదురుగా నన్ను కూర్చోబెట్టి వడ్డించింది. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాను. అప్పుడే హైవే మీద బరువు లారీ ఏదో పోయింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి, గ్లాసులో నీళ్లు వణికాయి, దీపం ఒక పక్కకు ఒరిగి మళ్లీ నిలిచింది. నేను తలెత్తి పటం వైపు చూశాను. పొట్టి కాలి టేబుల్ మీద, ఆ నీలం రబ్బరు ముక్క ఆసరాతో, అది ఇసుమంతైనా కదల్లేదు.